పాత కారు – స్టీరింగు కంపనం – కారణ శోధన

భౌతికశాస్త్రంలో "అనునాదం" అనే పాఠం చెప్పేటప్పుడు వంతెనమీద కవాతు చేసే సైనికుల ఉదాహరణ చెప్పటం మా అధ్యాపకులకు ఆచారమైపోయినది. ఆ సైనికులను గాని, ఆ వంతెనను గాని మాలో ఎవరూ చూచి ఉండలేదు. ప్రతి సంవత్సరమూ అదే ఉదాహరణ వినటంవల్ల విద్యార్థులకు సయితం దానిపై గౌరవం సన్నగిల్లినది. ఇంతకంటె దగ్గరి ఉదాహరణ, చేతితో తాకి తెలిసికొనదగినది, మన వీధులలోనే తిరుగుతున్నది. గంటకు అరవై కిలోమీటర్ల వరకు బుద్ధిగా నడచి, డెబ్బై దాటగానే స్టీరింగును చలిజ్వరం వచ్చినట్లు వణికించి, తొంభై దగ్గర మళ్లీ కొంత శాంతించే పాత కారును మీలో కొందరైనా ఎక్కి ఉంటారు. ఆ వణుకు ఎందుకు పుడుతుంది, ఎన్నిసార్లు మరమ్మతు చేయించినా ఎందుకు పోదు, దాని మూలాన్ని ఏ క్రమంలో వెదకవలెను అనే విషయాన్ని నాకు తెలిసినంతలో వివరించటానికే ఈ వ్యాసం.

నేను ఉదాహరణగా తీసికొన్నది అంబాసిడర్ కారు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను ఆధారం చేసికొని, హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరినుండి 2014 మే నెల వరకు దీనిని తయారుచేసినారు. దాదాపు అయిదున్నర దశాబ్దాలలో దీని రూపం మారినది బహు స్వల్పం. ముందు చక్రాలను టార్షన్ బార్లు మోస్తాయి, వెనుక ఇరుసును కమాన్ పట్టీల కట్టలు మోస్తాయి. స్టీరింగు తిప్పినప్పుడు చిన్న పళ్లచక్రం ఒకటి పళ్లున్న కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ కడ్డీ రెండు కొసలనుండి టై రాడ్లు చక్రాలను తిప్పుతాయి. ఈ అమరికలో చక్రానికీ మన చేతికీ మధ్య ఉండే మధ్యవర్తులు తక్కువ. కనుక చక్రం పడే బాధ చేతికి త్వరగా తెలుస్తుంది. దీనిని లోపమని కొందరంటారు గాని, నా దృష్టిలో ఇది సుగుణమే.

మా మేనమామగారు మహబూబ్‌నగర్‌లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. వారి వద్ద 1986 నాటి అంబాసిడర్ ఉండేది, వారు దానిని మరొకరినుండి కొన్నారు. వారి మనుమరాలికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ బిడ్డకు తలసీమియా. మూడు వారాలకొకసారి హైదరాబాదుకు తీసికొనివచ్చి రక్తం ఎక్కించవలెను. తెల్లవారుజామున బయలుదేరి జడ్చర్ల మీదుగా వచ్చి, సాయంత్రానికి మళ్లీ వెళ్లిపోయేవారు. 2011 వానకాలం చివరలో ఈ కారుకు వణుకు పట్టుకున్నది. మహబూబ్‌నగర్ నుండి జడ్చర్ల వరకు ఏమీ తెలియదు. జాతీయ రహదారి ఎక్కి వేగం పెరిగేసరికి స్టీరింగు కొట్టుకొనటం మొదలు. ఆ దారికి అప్పటికే నలభై నాలుగు అని కొత్త సంఖ్య వచ్చినా అందరూ ఏడో నెంబరు రోడ్డనే అంటూండేవారు.

మామయ్య మొదట ఒక టైర్ల దుకాణంలో చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించినారు. వణుకు పోయినది. వారం తిరగకముందే మళ్లీ వచ్చినది. రెండవసారి చేయించినారు, నాలుగు రోజులు బాగున్నది. మూడవసారి చేయించినప్పుడు తగ్గినదే గాని పూర్తిగా పోలేదు. తర్వాత ఒక మెకానిక్కు ఎడమవైపు ముందు చక్రం తీసి, డిక్కీలోని స్టెప్నీ వేసి నడిపి చూచి, "అయినా వణుకుతున్నది, కనుక దోషం టైర్లలో లేదు" అని తేల్చినాడు. ఆ తీర్పుమీద టై రాడ్ ఎండ్లు మార్చినారు, షాక్ అబ్జార్బర్లు మార్చినారు, అలైన్‌మెంట్ రెండుసార్లు చూపించినారు. పదకొండు వేల రూపాయలు ఖర్చయినవి. వణుకు మాత్రం చెక్కుచెదరలేదు. "ఇక దీనిని తుక్కువానికి అమ్మివేస్తాను, అల్లుడా! బిడ్డను బస్సులోనే తెస్తాను" అని మామయ్య నాతో అన్నప్పుడు, ఇంటిలో భౌతికశాస్త్రం చదివినవాడు ఒకడుండి ప్రయోజనమేమని నాకు సిగ్గు కలిగినది.

ముందుగా చేయవలసిన పని, కంపనాన్ని పుట్టించేది ఏది, పుట్టిన కంపనాన్ని పెంచి చేతికి అందించేది ఏది అని విడదీయటం. ఆ మెకానిక్కు గాని, మామయ్య గాని, చెప్పవలెనంటే నేను గాని ఈ రెంటినీ వేరుచేసి చూడలేదు. అరిగిన జాయింట్లు, నీరసించిన షాక్ అబ్జార్బర్లు, వదులైన బుష్షులు సాధారణంగా రెండవ కోవకు చెందినవి. అవి ఉన్న వణుకును ఇంతలు చేస్తాయి. కాని నిర్ణీత వేగంమీదనే వచ్చి, వేగంతోపాటు మారే వణుకును పుట్టించేది దాదాపు ఎల్లప్పుడూ తిరిగే వస్తువే అయి ఉంటుంది.

ఎంత చిన్న దోషం ఎంత బలాన్ని పుట్టిస్తుందో లెక్కవేసి చూడండి. అంబాసిడర్ టైరు ఒక చుట్టు తిరిగితే కారు సుమారు రెండు మీటర్లు, అయిదు సెంటీమీటర్లు ముందుకు పోతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 20 మీటర్లు. అనగా చక్రం సెకనుకు పది చుట్లకు కొద్దిగా తక్కువ తిరుగుతున్నది. రిమ్ము అంచు చక్ర కేంద్రానికి 19 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ అంచున ఒకచోట 30 గ్రాములు, అంటే రెండున్నర తులాల బరువు, అధికంగా ఉన్నదనుకొందాం. ద్రవ్యరాశిని కోణీయ వేగ వర్గంతోనూ వ్యాసార్ధంతోనూ గుణిస్తే సుమారు 21 న్యూటన్ల బలం వస్తుంది. రెండు కిలోల పైచిలుకు బరువును కట్టి, సెకనుకు దాదాపు పదిసార్లు అన్ని దిక్కులకూ విసరినట్లు లెక్క. 36 కిలోమీటర్ల వేగంమీద ఇదే దోషం అరకిలో బరువును మాత్రమే పుట్టిస్తుంది. వేగం సగమైతే బలం నాలుగవ వంతు. ఊరిలో తెలియని రోగం రహదారిమీద బయటపడటానికి మొదటి కారణం ఇది.

రెండవ కారణం అనునాదం. చక్రం, దాని ఇరుసు కలిసి ఒకవైపు టైరులోని గాలికీ, మరొకవైపు టార్షన్ బారుకూ మధ్య వేలాడే బరువు వంటివి. ఆ బరువుకు తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. కారు పైభాగం గతుకులమీద సెకనుకు ఒకసారి, ఒకటిన్నరసారి ఊగుతుంది. కాని చక్రం తనంత తాను ఎగిరే పౌనఃపున్యం సాధారణంగా సెకనుకు పదికీ పదిహేనుకూ మధ్య ఉంటుంది. చక్రం సెకనుకు పది చుట్లు తిరిగే వేగం దగ్గర ఈ రెండూ కలుస్తాయి. అందుకే డెబ్బై దగ్గర మొదలై, ఒక వేగంవద్ద శిఖరమందుకొని, దాటిన తర్వాత కొంత తగ్గటం. సీలింగు ఫ్యాను ఒక్కొక్క వేగంమీద మాత్రమే ఎక్కువగా ఊగటాన్ని మీరు వసతిగృహంలో గమనించే ఉంటారు, ఇదీ అదే. షాక్ అబ్జార్బరు పని ఈ శిఖరాన్ని అణచటం. అది నీరసిస్తే శిఖరం పెరుగుతుంది. దానిని మార్చితే శిఖరం తగ్గుతుంది గాని దోషం పోదు.

చక్రం పైకీ కిందికీ ఎగిరితే స్టీరింగు పక్కలకు ఎందుకు తిరుగుతుంది అని తెలివైన విద్యార్థి అడుగవలెను. అధిక బరువు చక్రం పైననో కిందనో ఉన్నప్పుడు చక్రాన్ని ఎత్తటానికీ దించటానికీ చూస్తుంది. అదే బరువు పావు చుట్టు తిరిగి ముందుకో వెనుకకో వచ్చినప్పుడు చక్రాన్ని ముందువెనుకలకు లాగుతుంది. చక్రం తిరగటానికి ఆధారమైన నిలువు పిన్నుకు, మెకానిక్కులు కింగ్‌పిన్ను అంటారు, చక్రం మధ్యతలం కొంత ఎడంగా ఉంటుంది. ఆ ఎడమే బల భ్రామకానికి భుజం. కాబట్టి ప్రతి చుట్టులోనూ చక్రం ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకూ మెలిపడుతుంది. ఆ మెలి టై రాడ్ ద్వారా పళ్లకడ్డీకీ, అక్కడనుండి మన అరచేతులకూ చేరుతుంది. బరువు రిమ్ము లోపలి అంచున ఒకచోట, వెలుపలి అంచున దానికి ఎదురుగా మరొకచోట ఉంటే పరిస్థితి మరింత చిత్రంగా ఉంటుంది. నిలకడగా ఉంచితే చక్రం ఏ వైపూ వాలదు, సమతూకంగా ఉన్నట్లే కనిపిస్తుంది. తిరిగేటప్పుడు మాత్రం కుమ్మరి సారె ఒరిగి తిరిగినట్లు పక్కలకు ఊగుతుంది. ఈ దోషాన్ని తిప్పి చూచే యంత్రం మాత్రమే పట్టగలదు.

ఇంత సిద్ధాంతం తెలిసికూడా నేను కారు దగ్గర నిలబడినప్పుడు ఏమి చేయవలెనో తోచలేదు. చివరకు పాతబస్తీలో, నలభై ఏళ్లుగా అంబాసిడర్లనే చూస్తున్న ఒక ఉస్తాద్ దగ్గరకు మామయ్యను తీసికొనివెళ్లినాను. ఆయన పానా పట్టుకోలేదు. బోనెట్ తెరవలేదు. స్టూలు తెప్పించి మామయ్యను కూర్చోబెట్టి ప్రశ్నలు వేయటం మొదలుపెట్టినారు. చార్మినార్ పక్కనున్న యునానీ వైద్యశాలలో హకీములు నాడి పట్టుకొని కూర్చునే తీరు నాకు గుర్తుకు వచ్చినది.

"మాస్టర్ సాబ్, ఎంత స్పీడుమీద వస్తుంది, ఎంతమీద పోతుంది?"

"అరవై ఎనిమిది, డెబ్బై మధ్య వస్తుంది ఉస్తాద్. ఎనభై అయిదు దాటితే కొంచెం తగ్గుతుంది."

"బ్రేకు వేస్తే పెరుగుతుందా?"

"లేదు. వేగం తగ్గుతుంది గనుక తగ్గుతుంది."

"చేతికా, సీటుకా?"

"చేతికే."

"పొద్దున బండి తీయగానే ఉండి తర్వాత పోతుందా?"

"అట్లా కాదు. ఎప్పుడూ ఒకటే."

ఈ నాలుగు ప్రశ్నలూ నాలుగు దారులను మూసివేసినవి. వేగంతో వచ్చి వేగంతో పోయేది చక్రాలలో ఉంటుంది. బ్రేకు వేసినప్పుడే వచ్చేది బ్రేకు డ్రమ్ము గుండ్రం తప్పటంవల్ల, తర్వాతి కాలపు కార్లలోనైతే డిస్కు మందం ఎగుడుదిగుడు కావటంవల్ల. ముందు చక్రాల దోషం చేతికి తెలిస్తే, వెనుక చక్రాల దోషం సీటుకు తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు చక్రానికి నాలుగు రెట్లకు మించిన వేగంతో తిరుగుతుంది. కనుక దాని దోషం కుదుపుగా కాక, కాళ్ల కింద గుయ్యిమనే సన్నని అదురుగా తెలుస్తుంది. పొద్దున మాత్రమే ఉండి నాలుగైదు కిలోమీటర్లు నడిచాక పోయే వణుకు నైలాన్ దారాల టైర్లలో సాధారణం. వేడెక్కిన టైరు చల్లారుతూ రాత్రంతా ఒకేచోట నిలబడినప్పుడు కింది భాగం చదునుగా బిగిసికొంటుంది, మళ్లీ వేడెక్కితే సర్దుకొంటుంది. దానికి మందు అక్కరలేదు.

తర్వాత ఉస్తాద్ స్వయంగా కారు నడిపినారు. ఊరు దాటి, ఎదురుగా వెనుకగా ఎవరూ లేని తిన్నని దారిలో డెబ్బై అయిదు దగ్గర వణుకు బాగా ఉన్నప్పుడు గేరు న్యూట్రల్ చేసినారు. ఇంజను శబ్దం పడిపోయినది. వణుకు పోలేదు. ఇంజను, క్లచ్చి నిర్దోషులని తేలినది. ఈ పరీక్ష చేసేవారు తాళంచెవి మాత్రం తిప్పరాదు. ఇంజను ఆగితే బ్రేకుకు సాయపడే శక్తి పోతుంది, కొన్ని కార్లలో స్టీరింగే బిగిసిపోతుంది.

అప్పుడే ఆయన ఒక వింత పని చేసినారు. వేగం మార్చకుండా పట్టుకొని, వణుకు హెచ్చినప్పుడల్లా వేళ్లమీద లెక్కపెట్టసాగినారు. హెచ్చుతున్నది, తగ్గుతున్నది, ఆరేడు సెకండ్లకొకసారి మళ్లీ హెచ్చుతున్నది. "రెండు చక్రాలు మాట్లాడుకొంటున్నాయి" అన్నారు. నేను ఉలిక్కిపడినాను. ధ్వనిశాస్త్రంలో విస్పందనాలని మనం చదివినది ఇదే. దాదాపు సమానమైన రెండు పౌనఃపున్యాలు కలిసినప్పుడు, వాటి భేదం ఎంతో అన్నిసార్లు కంపనం పెరిగి తరుగుతుంది. ముందు టైర్లు రెండింటిలో ఒకటి మరొకదానికంటె వ్యాసార్ధంలో అయిదు మిల్లీమీటర్లు పెద్దదైతే, ఒకటి సెకనుకు 9.75 చుట్లు, మరొకటి 9.60 చుట్లు తిరుగుతాయి. భేదం 0.15. అనగా దాదాపు ఏడు సెకండ్లకు ఒక విస్పందనం. ఆయన వేళ్ల లెక్కకూ నా కాగితం లెక్కకూ తేడా రాలేదు.

దీనినిబట్టి దోషం ఒక చక్రంలో కాదు, రెండింటిలోనూ ఉన్నదని తేలినది. వెనుకటి మెకానిక్కు పొరబడినది ఇక్కడే. ఎడమ చక్రం తీసి స్టెప్నీ వేసినప్పుడు వణుకు పోలేదన్నది నిజమే. కాని ఆనాడు వణుకు పెరిగి తరగటం మానివేసి ఒకే తీరున ఉండినదని, అడిగిన మీదట మామయ్య జ్ఞాపకం తెచ్చుకొని చెప్పినారు. రెండు దోషాలలో ఒకటి ఆనాడు నిజంగానే తొలగినది! రెండవది మిగిలి ఉన్నందున, మొదటిది కూడ దోషం కాదని ఆయన నిర్ణయించినాడు. ఒక కారణాన్ని తొలగిస్తే కార్యం పోకపోవటాన్ని చూచి, అది కారణమే కాదనుకొనటం ప్రయోగశాలలో మన విద్యార్థులు కూడ తరచుగా చేసే పొరపాటు.

షెడ్డుకు తిరిగివచ్చిన తర్వాత ఉస్తాద్ వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద గట్టి కొయ్యదిమ్మలు పెట్టించినారు. జాకీని మాత్రమే నమ్ముకొని చేతులు లోపల పెట్టినవారి వేళ్ల కథలు ఆయనకు చాలా తెలుసు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే కదలిక ఉన్నదంటే బేరింగు గాని, కింగ్‌పిన్ను గాని వదులైనట్లు. ఈ రెంటిలో ఏదో తేల్చటానికి ఒక చక్కని ఉపాయం కలదు. లోపల ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపవలెను. బ్రేకు పట్టినప్పుడు చక్రమూ దాని పీఠమూ ఒకటైపోతాయి గనుక బేరింగు వదులు మాయమవుతుంది. అప్పటికీ కదలిక ఉన్నదంటే అది కింగ్‌పిన్నుది. చక్రాన్ని కుడి ఎడమ పక్కల పట్టుకొని ఊపినప్పుడు వచ్చే కదలిక టై రాడ్ ఎండ్లది గాని, పళ్లకడ్డీది గాని. మామయ్య కారులో కుడివైపు బేరింగు రవంత వదులుగా ఉన్నది, దానిని అక్కడికక్కడే బిగించినారు. మిగిలినవన్నీ గట్టిగానే ఉన్నవి. పాత అంబాసిడర్లలో ఈ నిలువు పిన్నులకు వేళకు గ్రీజు కొట్టించకపోతే త్వరగా అరిగిపోతాయి. మామయ్య ఆ విషయంలో మాత్రం ఎన్నడూ అశ్రద్ధ చేయలేదు.

ఆ తర్వాత ముందు చక్రాలు రెండూ వెనుకకు, వెనుకవి రెండూ ముందుకు మార్పించి మళ్లీ రోడ్డెక్కించినారు. డెబ్బై అయిదు దగ్గర స్టీరింగు నిశ్చలంగా ఉన్నది. వణుకు మా నడుముల కిందికి వచ్చినది. ఖర్చు లేదు, యంత్రం లేదు, గంటసేపు పని. పదకొండు వేలు ఖర్చుపెట్టకముందు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే సరిపోయేది. టై రాడ్ ఎండ్లకు పెట్టిన డబ్బు పూర్తిగా వృథా అనను. కాని అవి రోగం కాదు.

ఇక ఆ రెండు చక్రాలను విప్పి చూచిన విశేషం. ఎడమ చక్రం రిమ్ము లోపలి గాడిలో ఒకచోట ఎండిన మట్టి పలక ఇంకా అంటుకొని ఉన్నది, దాని పక్కనే పలక ఊడిపోయిన మరక. మామయ్య వానకాలంలో తరచు పొలానికి వెళ్లి వచ్చేవారు. బురద రిమ్ము లోపలి వైపున పేరుకొని గట్టిపడినది. దుకాణంలో చక్రం వెలుపలి వైపు మాత్రం తుడిచి, ఆ మట్టితోనే యంత్రంమీద ఎక్కించినారు. యంత్రం మట్టి బరువును కూడ చక్రపు బరువే అనుకొని, దానికి ఎదురుగా సీసపు ముక్కలు కొట్టమన్నది. అప్పటికి తూకం కుదిరినది. నాలుగు రోజులకు మట్టి పలక ఊడి పడిపోయినది. ఇప్పుడు అధిక బరువు ఏది? ఆ సీసమే! దోషాన్ని సరిచేయటానికి కొట్టిన సీసం తానే దోషమైనది. మూడుసార్లు బాగై మూడుసార్లు తిరగబెట్టటంలోని రహస్యం ఇదే. చీపురుపుల్ల, చెంబెడు నీళ్లు ఉంటే పోయే రోగం. బ్యాలెన్సింగుకు ఇచ్చేముందు రిమ్మును రెండువైపులా కడిగించవలెను. పాత సీసాలన్నీ పీకించి మొదటినుండి కొలిపించవలెను.

ఈ సందర్భంలోనే మరొక మాట. యంత్రం చక్రాన్ని మధ్య రంధ్రం ఆధారంగా పట్టుకొంటుంది. కొన్ని పాత కార్లలో చక్రం కారుమీద కుదురుకొనేది మధ్య రంధ్రంవల్ల కాదు, నట్ల వాలుఅంచులవల్ల. ఆ రంధ్రం అరిగినా, తుప్పుపట్టినా యంత్రంమీద తిరిగే కేంద్రం ఒకటి, కారుమీద తిరిగే కేంద్రం మరొకటి అవుతుంది. అటువంటి చక్రం ఎన్నిసార్లు యంత్రమెక్కినా ఫలితం ఉండదు. నట్లను ఎదురెదురుగా, విడతలవారీగా బిగించవలెనని చెప్పటం కూడ ఇందుకే. వరుసగా ఒకవైపునుండి బిగించుకొంటూ పోతే రిమ్ము ఒరిగి కూర్చుంటుంది.

కుడి చక్రం సంగతి వేరు. దాని రిమ్ము శుభ్రంగా ఉన్నది, సీసాలు సరిగానే ఉన్నవి. ఉస్తాద్ ఇటుకమీద సుద్దముక్కను నిలబెట్టి, టైరు నడినెత్తికి వెంట్రుకవాసి దూరంలో ఉంచి చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పినారు. గుండ్రంగా ఉన్న టైరుకు సుద్ద అంతటా సమంగా తగులుతుంది, లేదా అంతటా తగలదు. ఇక్కడ జానెడు మేర మాత్రమే తెల్లని గీత పడినది. ఎత్తు పల్లాల తేడా దాదాపు అయిదు మిల్లీమీటర్లు. ఒకటి, ఒకటిన్నర మించితేనే అనుమానించవలెనంటారు. అది రెండు వేసవుల కిందట రీట్రెడ్ చేయించిన టైరు, చూపులకు కొత్తదివలె ఉన్నది. దానిని యంత్రమెక్కిస్తే తూకం సరిగానే వస్తుంది. ఎందుకంటె యంత్రం బరువునే కొలుస్తుంది, గుండ్రనాన్ని కాదు. కోడిగుడ్డుకు కూడ సీసం అంటించి తూకం కుదర్చవచ్చును, అంతమాత్రాన అది బంతివలె దొర్లదు.

గాలి తీసి, టైరు విప్పి, ఆ భాగాన్ని కోయించినారు. లోపలి దారాల పొరలు అరచేయంత మేర ఒకదానినుండి ఒకటి విడిపోయి ఉన్నవి. పొరలు రాసుకొని పుట్టిన వేడికి రబ్బరు నల్లగా పొడిపొడిగా రాలినది. ఆ ఖాళీలోనికి ఉస్తాద్ తన బొటనవేలిని గోరు మునిగేదాక దూర్చి చూపించినారు. ఎండవేళ ఎనభైమీద ఆ పొర తెగిపోతే ముందు చక్రం ఒక్కసారిగా కూలబడి, కారు ఆ వైపుకు లాగివేస్తుంది. మామయ్య ఆ టైరు ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకొని కూర్చున్నారు. వెనుక సీటులో దిండు వేసికొని పడుకొనే మనుమరాలిని గురించి ఆయన ఏమీ అనలేదు, మేమూ అనలేదు. కోసిన ఆ ముక్క ఈనాటికీ మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ పక్క సొరుగులో ఉన్నది, కావలసిన విద్యార్థులు అడిగి చూడవచ్చును. రీట్రెడ్ టైర్లు వాడదలచినవారు వాటిని వెనుకకు వాడుకోవటమే మంచిదని, ముందు చక్రాలకు వేయరాదని ఉస్తాద్ అభిప్రాయం. నా అభిప్రాయమూ అదే.

పైన చెప్పిన క్రమం అన్ని వణుకులకూ వర్తిస్తుందని అనుకొనరాదు. తిరిగే వస్తువులో ఏ దోషమూ లేకుండా, తక్కువ వేగంలోనే, ఒక గుంతలో పడగానే మొదలై, బండి దాదాపు ఆపేవరకూ ఆగని భీకరమైన ఊపు ఒకటి కలదు. ముందు చక్రాలు రెండూ ఒకే నిడుపాటి ఇరుసుకు బిగించి ఉండే జీపులు నడిపినవారికి ఇది పరిచితమే. ఒక చక్రం గతుకుమీద లేచినప్పుడు ఇరుసంతా ఒరుగుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని ఒరగదోస్తే అది వాలక పక్కకు తిరుగుతుంది కదా, అట్లే చక్రాలు పక్కకు తిరుగుతాయి. ఆ తిరుగుడు మళ్లీ ఇరుసును ఒరగజేస్తుంది. అక్కడ వదులైన జాయింట్లే అసలు నేరస్థులు, బ్యాలెన్సింగుతో పని జరగదు. 1920లలో మెత్తని వెడల్పాటి టైర్లు వ్యాపించినప్పుడు కార్లకు కూడ ఈ పీడ పట్టుకున్నది. 1930లలో అమెరికా కంపెనీలు ముందు చక్రాలను దేనికది విడిగా వేలాడదీసే పద్ధతికి మరలటానికి ఇది ఒక ముఖ్య కారణం. అంబాసిడర్ ముందు చక్రాలు కూడ విడివిడిగానే ఉంటాయి గనుక ఈ భయం దానికి తక్కువ.

మామయ్య ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు కొన్నారు. రిమ్ములు రెండువైపులా కడిగించి, పాత సీసాలు పీకించి, మా కళ్ల ఎదుటనే తూకం వేయించినాము. ఉస్తాద్ కూలి అడగటానికి మొగమాటపడి, చివరకు బేరింగు బిగించినందుకు మాత్రం తీసికొన్నారు. యాభై కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు మరొకసారి బిగించుకొనవలెనని, కొత్తగా ఎక్కించిన చక్రాలు కుదురుకొనేటప్పుడు నట్లు కొంత వదులవుతాయని హెచ్చరించినారు. ఆ మరుసటి విడత రక్తం ఎక్కించి తిరిగి వెళ్లేటప్పుడు నేనూ వారితో వెళ్లినాను. స్పీడోమీటరు ముల్లు డెబ్బై అయిదుమీద నిలిచి ఉన్నది. మామయ్య స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకొని నావైపు ఒకసారి చూచినారు. వెనుక సీటులో బిడ్డ నిద్రపోతున్నది. షాద్‌నగర్ దగ్గర చాయ హోటలు ముందు ఆగి, డిక్కీలోనుండి పానా తీసి, నాలుగు చక్రాల నట్లూ మరొకసారి బిగించుకొని బయలుదేరినాము.